నడిసముద్రంలో పొగ ఎవరి పద్దు?

ఒక ఓడను ఊహించుకోండి. బ్రెజిల్ రేవులో ఇనుప ఖనిజం ఎక్కించుకుని చైనాకు బయల్దేరింది. యజమాని గ్రీకు వ్యాపారి. మీద ఎగిరేది లైబీరియా జెండా. కెప్టెన్ భారతీయుడు, సిబ్బందిలో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్లు. ఇంధనం సింగపూర్‌లో నింపుకుంది, బీమా లండన్‌లో కట్టింది. ఆ ఖనిజం చైనాలో ఉక్కుగా మారుతుంది. ఆ ఉక్కు ఇంకో ఓడెక్కి ఏ యూరప్ దేశంలోనో కారు తలుపుగా తేలుతుంది. నెల దాటి సాగే ఆ ప్రయాణంలో పొగగొట్టం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను ఏ దేశం పద్దులో రాయాలి?

జెండా దేశం పద్దులో రాద్దామంటే, లైబీరియా ఆ ఓడ మొహమైనా చూసి ఉండకపోవచ్చు. ఇంధనం అమ్మిన దేశానికి రాద్దామంటే, సింగపూర్ లాంటి చిన్న దేశం నెత్తిన ప్రపంచపు పొగలో పెద్ద భాగం పడుతుంది. యజమాని దేశానికంటే, కంపెనీ రేపటికల్లా మరో దేశంలో మరో పేరుతో తేలుతుంది. సరుకు కొన్నవాళ్లకంటే, ఒక్క కంటెయినర్ ఓడలోనే వేల మంది సరుకు ఉంటుంది. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి గుమస్తాల దండు కావాలి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చల్లో ఈ దారులన్నీ బల్లమీదికి వచ్చాయి. ఒక్కటీ కుదరలేదు. అందుకే ఇవాళ్టికీ దేశాలు తమ ఉద్గారాల లెక్క సమర్పించేటప్పుడు అంతర్జాతీయ ఓడలకు అమ్మిన ఇంధనాన్ని మొత్తంలో కలపవు. కింద విడిగా చూపించి ఊరుకుంటాయి.

అలా విడిగా మిగిలిపోయింది చిన్న మొత్తమేమీ కాదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) నాలుగో అధ్యయనం ప్రకారం 2018లో ఓడల నుంచి వెలువడిన హరితగృహ వాయువులు 107.6 కోట్ల టన్నులు. దేశీయ ఓడలు, చేపల వేట నౌకలు కూడా అందులో ఉన్నాయి. మానవాళి మొత్తం ఉద్గారాల్లో ఇది దాదాపు 3 శాతం. ఓడలన్నీ కలిసి ఒక దేశమైతే జర్మనీని దాటిపోయేవి. అయితే ఓడల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం ప్రకారం 80 శాతానికి పైగా మోసేది ఇవే. ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి లారీ, విమానం కాల్చేదానితో పోలిస్తే ఓడ కాల్చేది చాలా తక్కువ. కాబట్టి ఓడలను ఆపడం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అవి ఏం కాల్చాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదే తగవు.

ఒక్క వాక్యంలో పుట్టిన చిక్కు

1997 కియోటో ఒప్పందం ఈ తలనొప్పిని ఒక్క వాక్యంలో వదిలించుకుంది. రెండో అధికరణం రెండో క్లాజులో ఓడల, విమానాల ఇంధన ఉద్గారాల ప్రస్తావన ఉంది. అభివృద్ధి చెందిన దేశాలు వీటిని తగ్గించే ప్రయత్నం చేయాలి, ఓడల విషయంలో ఐఎంఓ ద్వారా చేయాలి అని దాని సారాంశం. చదవడానికి సాఫీగా ఉంటుంది కానీ, తర్వాతి పాతికేళ్ల గొడవంతా ఈ వాక్యం కడుపులోనే ఉంది. ఇందులో ఒకదానితో ఒకటి పొసగని రెండు ధర్మాలను ఒకే తాడుతో కట్టేశారు.

వాతావరణ ఒప్పందాల ధర్మం ఇది: బాధ్యత అందరిదీ, వాటాలు మాత్రం వేరు. రెండు వందల ఏళ్లుగా బొగ్గు కాల్చి బాగుపడిన దేశాలు ముందు కదలాలి. ఐఎంఓ ధర్మం దీనికి సరిగ్గా ఎదురు. ఏ జెండా ఓడకైనా ఒకటే నిబంధన, ఎవరికీ ప్రత్యేక రాయితీ ఉండదు. దానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ధనిక దేశాల ఓడలకే నిబంధన పెడితే, ఓ వారంలో ఆ ఓడలన్నీ పేద దేశాల జెండాలు కట్టుకుంటాయి. జెండా మార్చడం అంత తేలిక. కాబట్టి "అభివృద్ధి చెందిన దేశాలు, ఐఎంఓ ద్వారా" అన్న మాటలో చైనా, భారత్, బ్రెజిల్, సౌదీ అరేబియా మొదటి సగాన్ని పట్టుకున్నాయి. యూరప్, జపాన్ రెండో సగాన్ని పట్టుకున్నాయి. ఎవరి చేతిలో ఉన్నదీ అబద్ధం కాదు. అదే ఇబ్బంది.

ఐఎంఓ స్వభావం కూడా తెలియాలి. 1948లో జెనీవాలో కుదిరిన ఒప్పందంతో పుట్టింది, 1958లో అమల్లోకి వచ్చింది, లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉంటుంది. సభ్య దేశాలు 176. ఓడలు మునగకుండా, చమురు ఒలకకుండా చూడటానికి పెట్టిన సాంకేతిక సంస్థ ఇది. ఇంజినీర్లు, మాజీ కెప్టెన్లు కూర్చుని పడవల తాళ్ల గురించీ, నిప్పు ఆర్పే పంపుల గురించీ మాట్లాడుకునే చోటు. దీని నిధుల్లో సభ్య దేశాల వాటాను ముఖ్యంగా వాటి జెండా కింద తిరిగే ఓడల టన్నేజీని బట్టి లెక్కిస్తారు. ప్రపంచ టన్నేజీలో మొదటి మూడు స్థానాలు లైబీరియా, పనామా, మార్షల్ దీవులవి. ఇందులో ఒక వింత ఉంది. లైబీరియా, మార్షల్ దీవుల రిజిస్ట్రీలను, అంటే ఓడలను తమ జెండా కింద నమోదు చేసే ఆఫీసులను, నడిపేది ఆ దేశాలు కావు, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆఫీసులు పెట్టుకున్న ప్రైవేటు కంపెనీలు. సముద్రంలో దేశం అన్న మాటకు అర్థం ఇంత పలచన.

కియోటో తర్వాత చాలా ఏళ్లు అధ్యయనాలు, తీర్మానాలతోనే గడిచాయి. 2011 జూలైలో మొదటి కట్టుబాటు వచ్చింది: కొత్తగా కట్టే ఓడల డిజైన్ ఇంత పొదుపుగా ఉండి తీరాలన్న ప్రమాణం. ఏకాభిప్రాయానికి అలవాటుపడ్డ ఐఎంఓలో దీనికోసం ఓటింగుకు వెళ్లాల్సి వచ్చింది. చైనా, బ్రెజిల్, సౌదీ అరేబియా వ్యతిరేకించాయి. అది 2013లో అమల్లోకి వచ్చింది. అదే 2013లో, కార్బన్‌కు ధర కట్టే పద్ధతుల మీద అప్పటికి కొన్నేళ్లుగా నడుస్తున్న చర్చను పక్కన పెట్టేశారు. బల్లమీద పదికి దగ్గరగా ప్రతిపాదనలున్నాయి. ఒక్కదాని మీద కూడా దేశాలు కలవలేదు. డిజైన్ మార్చమంటే కష్టంగానైనా ఒప్పుకున్నవాళ్లు డబ్బు మాట వచ్చేసరికి లేచిపోయారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తున

2015 మే నెలలో మార్షల్ దీవుల విదేశాంగ మంత్రి టోనీ డి బ్రమ్ లండన్ వచ్చి ఐఎంఓ కమిటీ ముందు మాట్లాడారు. ఓడలకూ ఒక ఉద్గార లక్ష్యం ఉండాలని అడిగారు. దాని విలువ తెలియాలంటే ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో గుర్తుంచుకోవాలి. సగటున సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న పగడపు దీవుల దేశం అది. జెండా లెక్కల్లో మాత్రం అప్పటికే ప్రపంచంలోని అతిపెద్ద వాణిజ్య నౌకల సమూహాల్లో ఒకటి. అంతకుముందు ఆ దేశం కుర్చీలో రిజిస్ట్రీ తరఫు మనుషులే ఎక్కువగా కనిపించేవారు. వాళ్ల గొంతు వేరు, మంత్రి గొంతు వేరు. ఆ ఏడాది ఆయన కోరింది జరగలేదు. డిసెంబరులో పారిస్ ఒప్పందం తుది పాఠం నుంచి కూడా ఓడల ప్రస్తావన జారిపోయింది. డి బ్రమ్ 2017 ఆగస్టులో కన్నుమూశారు. కానీ ఆయన తెరిచిన తలుపు మూసుకోలేదు.

2018 ఏప్రిల్‌లో ఐఎంఓ తొలి వ్యూహం వచ్చింది: 2050 నాటికి ఓడల ఉద్గారాలను 2008తో పోలిస్తే కనీసం సగానికి తగ్గించాలి. మోసే పనిని బట్టి లెక్కేసే కార్బన్ తీవ్రతను 2030 నాటికి 40 శాతం తగ్గించాలి. అమెరికా, సౌదీ అరేబియా అభ్యంతరాలు నమోదు చేశాయి. 2008నే ఎందుకు మూలంగా తీసుకున్నారన్నది ఆసక్తికరం. ఆర్థిక మాంద్యం ముంచేముందు వాణిజ్యం ఉచ్చస్థితిలో ఉన్న కాలమది. ఆ తర్వాత సరుకు తగ్గి, ఇంధనం ప్రియమై, ఓడలు తమంతట తామే నెమ్మదించాయి. దాంతో 2018కే కార్బన్ తీవ్రత 20 నుంచి 30 శాతం దాకా తగ్గిపోయి ఉంది. 40 శాతం లక్ష్యంలో సగానికి పైగా దారి అది పెట్టే రోజుకే నడిచేశారన్నమాట.

వేగం గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రంగంలో అన్నిటికన్నా చవకైన మందు అదే. ఓడకు కావలసిన ఇంజిన్ శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం తగ్గిస్తే శక్తి 27 శాతం తగ్గుతుంది. ప్రయాణం కాస్త సాగుతుంది కాబట్టి మొత్తం ప్రయాణానికి ఇంధనం 19 శాతం మిగులుతుంది. కొత్త కనిపెట్టుడు ఏమీ అక్కర్లేదు, లివరు వెనక్కి లాగితే చాలు. కానీ అద్దె బాగా పలికే రోజున ప్రతి గంటా డబ్బే. అప్పుడు లివరు ముందుకే వెళుతుంది.

2023 నుంచి ప్రతి పెద్ద ఓడకూ దాని కార్బన్ తీవ్రతను బట్టి ఎ నుంచి ఇ వరకు ఏటా ఒక గ్రేడు వేస్తున్నారు. వరసగా మూడేళ్లు డి వచ్చినా, ఒక్క ఏడు ఇ వచ్చినా యజమాని దిద్దుబాటు ప్రణాళిక రాసివ్వాలి. అంతే, జరిమానా లేదు. పైగా ఆ లెక్కలో ఓడ నిజంగా మోసిన సరుకు కాక, మోయగల బరువు కొలమానం. ఖాళీగా తిరిగినా గ్రేడుకు నష్టం లేదు. రేవు బయట వరసలో నిలబడితే మాత్రం నష్టం. ఓడలవాళ్లు దీన్ని తిట్టుకోవడంలో న్యాయం ఉంది.

2050కి దగ్గర్లో

2023 జూలైలో లక్ష్యాన్ని పెంచారు. సగం పోయి నికర సున్నా వచ్చింది. ఎప్పటికి? ఆ పాఠంలో "2050 నాటికి గానీ, ఆ చుట్టుపక్కల గానీ, అంటే 2050కి దగ్గర్లో" అన్న అర్థం వచ్చేలా రాశారు. రాత్రుళ్లు మేలుకుని రాసిన వాక్యమని చూడగానే తెలిసిపోతుంది. 2050 అని గీత గీస్తే చైనా లాంటి దేశాలు ఒప్పుకోవు, ఏడాదే లేకపోతే పసిఫిక్ దీవులు ఒప్పుకోవు. మధ్యలో 2030కి 20 శాతం, వీలైతే 30 తగ్గింపు, 2040కి 70 శాతం, వీలైతే 80. వీటిని లక్ష్యాలు అనకుండా "సూచనాత్మక తనిఖీ స్థానాలు" అన్నారు. లక్ష్యమంటే తప్పితే జవాబు చెప్పాలి. తనిఖీ స్థానమంటే ఆగి చూసుకుని ముందుకు పోవచ్చు. ఇలాంటి పదాలను చూసి నవ్వుకోవడం తేలికే కానీ, ఏకాభిప్రాయం కావాల్సిన చోట ఇంతకంటే గట్టి పదం పుట్టడం కష్టం. ఈ వ్యూహంలో ఇంకో గట్టి ముక్క ఉంది: ఇంధనానికి ప్రమాణం, ఉద్గారాలకు ధర, రెండూ కలిపి ఒక చట్టబద్ధ ఏర్పాటును 2025లో ఆమోదించాలన్న గడువు.

ఆ రెండేళ్లలో బల్లమీద ముఖ్యంగా రెండు ఆలోచనలు పోటీపడ్డాయి. మొదటిది లెవీ. ఓడ వదిలే ప్రతి టన్నుకూ రుసుము, మొదటి టన్ను నుంచీ. మార్షల్ దీవులు, సాలమన్ దీవులు 2021లోనే టన్నుకు 100 డాలర్లు అడిగాయి. 2025 నాటికి యూరప్, బ్రిటన్, జపాన్, కొన్ని ఆఫ్రికా దేశాలు, పెద్ద జెండా దేశాలు కలిసి లెవీ వైపు అరవైకి పైగా చేరాయి. ఓడ యజమానుల అంతర్జాతీయ సంఘం కూడా అటే ఉంది. వ్యాపారులు తమమీద రుసుము వేయమని అడగడం వింతగా తోచవచ్చు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ప్రతి ఖండంలో ఒక్కో రుసుము కట్టే కంటే అందరికీ ఒకటే ఉంటే మేలు. పోటీదారు కూడా అంతే కడతాడు.

రెండో ఆలోచన ప్రమాణం. ఇంధనం ఇంత శుభ్రంగా ఉండాలని గీత గీస్తారు, గీత దాటిన మేరకే డబ్బు కట్టాలి. చైనా, బ్రెజిల్ దీని వైపున్నాయి. బ్రెజిల్ భయం అర్థం కానిదేమీ కాదు. చైనాకు ఇనుప ఖనిజం అమ్మడంలో దాని పోటీ ఆస్ట్రేలియాతో. పశ్చిమ ఆస్ట్రేలియా రేవుల నుంచి చైనాకు ఉన్న దూరానికి బ్రెజిల్ దూరం దాదాపు మూడు రెట్లు. ప్రతి టన్ను పొగకూ ధర కడితే ఆ మూడు రెట్ల దూరం మొత్తానికీ ధర కట్టినట్టే. అది ధనిక దేశాలు కాల్చిన బొగ్గుకు కట్టే పరిహారం కాదు, దేశం భూగోళం మీద ఎక్కడుందో దానికి కట్టే శిస్తు.

మరి దీవుల సంగతేమిటి? అవి కూడా అందరికీ దూరంగానే ఉన్నాయి, తిండి కూడా ఓడల మీదే వస్తుంది. రవాణా ఖర్చు పెరిగితే ముందు దెబ్బ తినేది అవే. అయినా లెవీ కావాలని అందరికంటే గట్టిగా అడిగిందీ అవే. వచ్చే డబ్బులో కొంత తమకు తిరిగి వస్తుందన్న ఆశ ఉంది. నీళ్లు ఇంట్లోకి వస్తున్నప్పుడు సరుకు ధర రెండో సంగతి అన్న నిస్సహాయతా ఉంది.

2025 ఏప్రిల్ 11న లండన్‌లో కుదిరిన నికర సున్నా చట్రం ఈ రెంటి సంకరం. 5,000 స్థూల టన్నేజీ (ఓడ లోపలి పరిమాణపు కొలత) దాటిన ఓడలకు వర్తిస్తుంది. అంతర్జాతీయ నౌకాయానపు కార్బన్ డయాక్సైడ్‌లో 85 శాతం వాటిదే. ఇంధనం నుంచి వచ్చే ఒక్కో మెగాజౌల్ శక్తికి ఎన్ని గ్రాముల హరితగృహ వాయువు వెలువడిందో చూస్తారు. ఓడలో మండినప్పుడు వచ్చేదే కాదు, బావిలోంచి తోడినప్పటి నుంచీ లెక్క. మూలాంకం 93.3 గ్రాములు. ఏటా రెండు గీతలు కిందికి దిగుతూ ఉంటాయి. 2028లో పై గీత 4 శాతం కింద, కింది గీత 17 శాతం కింద. 2030లో 8, 21. పై గీత కిందికి కూడా దిగలేని ఓడ ఆ లోటుకు టన్నుకు 380 డాలర్లు కట్టాలి. రెండు గీతల మధ్య లోటుకు టన్నుకు 100 డాలర్లు. కింది గీతకంటే కిందికి దిగిన ఓడకు మిగులు యూనిట్లు వస్తాయి. వాటిని దాచుకోవచ్చు, లేదా పై గీత దగ్గర చిక్కుకున్న ఓడకు ఇవ్వచ్చు.

ఇది కాగితం మీద చిక్కుముడిలా కనిపిస్తుంది కనుక ఒక ఓడ మీద వేసి చూద్దాం. ఏడాదికి పది వేల టన్నుల మామూలు ఓడ చమురు కాల్చే ఓడ. టన్ను చమురుకు సుమారు 41 వేల మెగాజౌళ్ల శక్తి. మొత్తం 41 కోట్ల మెగాజౌళ్లు, అంటే 38 వేల టన్నులకు కాస్త పైన హరితగృహ వాయువు. 2028లో పై గీతకు లోటు మెగాజౌల్‌కు 3.73 గ్రాములు. అది దాదాపు 1,530 టన్నులు, 380 చొప్పున 5.8 లక్షల డాలర్లు. మధ్య లోటు 12.13 గ్రాములు, దాదాపు 4,970 టన్నులు, 100 చొప్పున 5 లక్షలు. మొత్తం సుమారు 10.8 లక్షల డాలర్లు. ఆ ఓడ వదిలిన ప్రతి టన్నుకూ పంచితే 28 డాలర్లు పడుతుంది. దీవులు అడిగినట్టు మొదటి టన్ను నుంచీ 100 డాలర్లయితే కట్టాల్సింది 38 లక్షలు. 380 అన్న అంకె చూసి ఇది చాలా కఠినమనుకునేవాళ్లూ, రెంటికీ తేడా ఏముందనుకునేవాళ్లూ ఈ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఓడ వదిలే పొగలో ఆరింట అయిదు వంతులు ఇంకా ఉచితమే.

ఏప్రిల్ ఓటింగులో 63 దేశాలు అవునన్నాయి, 16 కాదన్నాయి, 24 తటస్థంగా ఉన్నాయి. చైనా, భారత్, బ్రెజిల్, యూరప్ ఒకే వైపు నిలిచాయి. పాత కథ తెలిసినవాళ్లకు అదే పెద్ద వార్త. 2011లో ఒక డిజైన్ ప్రమాణాన్నే ఒప్పుకోని దేశాలు పద్నాలుగేళ్లకు డబ్బు మాటకు చేయెత్తాయి. సౌదీ అరేబియా, రష్యా, యూఏఈ వ్యతిరేకించాయి. అమెరికా చర్చల నుంచే తప్పుకుంది. పసిఫిక్ దీవులు తటస్థంగా ఉన్నాయి. ఇందాకటి లెక్క చూశాక ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు. నిధికి ఏటా 1,100 నుంచి 1,300 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. శుభ్రమైన ఇంధనం వాడే ఓడలకు ప్రోత్సాహకం, పేద దేశాలకు సాయం, నావికుల శిక్షణ అందులోంచే. ఎవరికెంత అన్న వాటాలు మాత్రం తర్వాత తేల్చుకుందామని వదిలేశారు.

నాలుగు రోజులు, ఒక వాయిదా

ఏప్రిల్‌లో జరిగింది ఆమోదం. స్వీకారం వేరే మెట్టు, అక్టోబరులో జరగాలి. ఓడల కాలుష్యంపై ఉన్న మార్పోల్ ఒప్పందాన్ని సవరించాలంటే హాజరై ఓటేసిన పక్షాల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒక సౌలభ్యం ఉంది, మౌనాన్నే అంగీకారంగా తీసుకుంటారు. నిర్ణీత గడువులో మూడో వంతు దేశాలు గానీ, ప్రపంచ టన్నేజీలో సగం ఉన్న దేశాలు గానీ అభ్యంతరం చెప్పకపోతే సవరణ దానంతటదే చట్టమవుతుంది. ప్రతి దేశపు పార్లమెంటూ సంతకం పెట్టేదాకా ఆగక్కర్లేదు. ఐఎంఓ నిబంధనలు ఇంతగా పనిచేయడానికి ఈ ఏర్పాటే ప్రాణం. దీన్నే మార్చి, ప్రతి దేశమూ విడిగా ఒప్పుకోవాలన్న వాదన అమెరికా వైపు నుంచి వచ్చింది.

అక్టోబరు 14న సమావేశం మొదలయ్యే నాటికి గాలి పూర్తిగా మారిపోయింది. చట్రానికి ఓటేసే దేశాల మీద సుంకాలు, వీసా ఆంక్షలు, ఓడలకు రేవు రుసుములు ఉంటాయని అమెరికా మంత్రులు ముందే బహిరంగ ప్రకటన ఇచ్చారు. అధ్యక్షుడు ట్రంప్ ఇది ఓడలపై వేసే "హరిత మోసపు పన్ను" అని సోషల్ మీడియాలో తిట్టారు. పన్నా, రుసుమా, లోటు పూడ్చుకునే యూనిట్ల ధరా అన్న తేడా చట్రం రాసినవాళ్లకు ముఖ్యం. వీధిలో మాత్రం పన్ను అన్న మాటకున్న బలం వేరు. చిన్న జెండా దేశాలకు అమెరికా రేవులు మూసుకుపోవడమంటే రిజిస్ట్రీ వ్యాపారం మూతపడటమే.

అక్టోబరు 17న సౌదీ అరేబియా చర్చను ఏడాది పాటు వాయిదా వేయాలని తీర్మానం పెట్టింది. అసలు చట్రానికి మూడింట రెండు వంతులు కావాలి, వాయిదాకు మామూలు మెజారిటీ చాలు. 57 దేశాలు వాయిదా వైపు, 49 వ్యతిరేకం, 21 తటస్థం. యూరప్ కూటమిలోనే ఉన్న గ్రీసు, సైప్రస్ తటస్థంగా ఉండిపోయాయి. రెండింటికీ ఓడలే వంశవృత్తి. చట్రం ఓడిపోయిందని అనలేం, దానిమీద ఓటింగే జరగలేదు. కానీ 2027 మార్చిలో అమల్లోకి వచ్చి 2028 నుంచి లెక్కలు మొదలవ్వాలన్న క్యాలెండర్ మాత్రం చెదిరింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఏప్రిల్‌కూ అక్టోబరుకూ మధ్య వాతావరణం గురించి ఎవరి మనసూ మారలేదు. మారింది అటుపక్క నిలబడితే పడే ఖర్చు. పొగ ఎవరి పద్దులో రాయాలో తేలని చోట, దాన్ని తగ్గించే పనికి ఏ దేశానికీ ఇంట్లో ఓట్లు రావు. బెదిరింపుకు ఎదురు నిలవడానికి ఆ మాత్రం బలం కూడా ఉండదు.

ఈలోగా ఖాళీ స్థలాన్ని యూరప్ తన నిబంధనలతో నింపుతోంది. 2024 నుంచి తన రేవులకు వచ్చే పెద్ద ఓడలను కార్బన్ మార్కెట్‌లోకి తెచ్చింది. యూరప్ లోపలి ప్రయాణాల మొత్తానికీ, బయటి నుంచి వచ్చేవాటిలో సగానికీ పొగ వదిలే పర్మిట్లు కొనాలి. మొదటి ఏడు ఉద్గారాల్లో 40 శాతానికి, రెండో ఏడు 70 శాతానికి, 2026 నుంచి పూర్తిగా. 2025 నుంచి ఇంధనానికి విడిగా మరో ప్రమాణం, 2 శాతం తగ్గింపుతో మొదలై 2050కి 80 శాతం దాకా. ఓడ యజమానులు భయపడ్డది ఈ అతుకుల బొంత గురించే. ఈ డబ్బు యూరప్ ఖజానాల్లోనే ఉంటుంది. దీవులకు వెళ్లాలన్న నియమమేమీ లేదు.

ఇంధనం సంగతి టూకీగా. శిలాజ చమురుకు బదులు ఏది అన్నదానికి ఇంకా ఒక్క జవాబు లేదు. ద్రవీకృత సహజ వాయువు మండేటప్పుడు శుభ్రంగానే ఉంటుంది కానీ ఇంజిన్ నుంచి మండకుండా జారిపోయే మీథేన్ ఆ లాభాన్ని తినేస్తుంది. మిథనాల్ వాడటం సులువు, అందుకే 2023లో లారా మేర్స్క్ అనే కంటెయినర్ ఓడ హరిత మిథనాల్‌తో తిరగడం మొదలుపెట్టింది. దొరకడమే కష్టం. అమ్మోనియాలో కార్బనే లేదు, కానీ విషం. లీకైతే ఓడ మీది మనుషులకు ప్రాణాపాయం. మొక్కల నుంచి తీసే ఇంధనమంటే దాన్ని పండించే నేల గురించి మళ్లీ తగవు. ఇవన్నీ చమురు కంటే ఖరీదు. వాటి ధరకూ చమురు ధరకూ మధ్య అగాధాన్ని పూడ్చడానికే 380 అన్న అంకె పుట్టింది.

ఓడ ఆయుష్షు పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు. 2027లో నీళ్లలోకి దిగే ఓడ 2050లోనూ సరుకు మోస్తూనే ఉండొచ్చు. దాన్ని ఇవాళ ఆర్డర్ ఇచ్చే యజమానికి 2030లో టన్ను పొగ ధర ఎంతో, అసలు ధర ఉంటుందో లేదో తెలియదు. అందుకే చాలామంది రెండు ఇంధనాలతో నడిచే ఇంజిన్లు పెట్టించుకుంటున్నారు. రేపు మిథనాలో, వాయువో కాల్చాల్సి వస్తే సిద్ధంగా ఉంటుంది. ధర లేనంత కాలం అదే ఇంజిన్ రెండో ట్యాంకులోంచి పాత నల్ల చమురునే తోడుకుంటుంది.